మైనారిటీ ప్రభుత్వం నడపాల్సి వస్తే

చిరంజీవికి ఆశీస్సులు.

ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాకపోతే మీ నాయకుడు ప్రభుత్వాన్ని ఎలా నిలబెట్టుకోవాలని అడిగావు. ముందు ప్రకాశం పంతులు గారి ఆఖరి ప్రభుత్వం సంగతి శ్రద్ధగా చదువు బాబూ.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆయన ప్రజా సోషలిస్టు పార్టీని వదిలి, కాంగ్రెస్ మద్దతుతో ముఖ్యమంత్రి అయ్యారు. సైమన్ కమిషన్ రోజుల్లో తుపాకీకి గుండె చూపిన మనిషి. అంతటి ధైర్యం ఉన్నా సభలో సొంత బలం లేదు. మద్యనిషేధంపై వేసిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తేయమంది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. గీత కార్మికుల తరఫున గౌతు లచ్చన్న గట్టిగా నిలబడ్డారు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది, ప్రభుత్వం పోయింది.

దీన్ని చాలామంది అంకెల ఆటగా చెబుతారు. నేనలా అనుకోను. కల్లుగీత మీద బతికే కుటుంబాల కూడు సంగతి తేల్చకపోతే, వాళ్ల ఓట్లతో గెలిచినవాళ్లు ఎన్నాళ్లని చెయ్యెత్తుతారు?

అంతకు ముందు 1952లో మద్రాసులో కాంగ్రెస్‌కు 375లో 152 సీట్లే వచ్చాయి. ముఖ్యమంత్రి అయిన రాజాజీ చిన్న పార్టీలను దగ్గరకు తీశారు, వాటిలో ఒకటైన కామన్వీల్ పార్టీ నాయకుడు మాణిక్యవేలు నాయకర్‌ను మంత్రిని చేశారు. దాంతో ఆగలేదు. కొద్ది నెలల్లోనే ఆహారధాన్యాల అమ్మకంపై సర్కారు పెట్టిన కంట్రోలు ఎత్తేశారు. అది నేరుగా జనం వంటింటికి తగిలిన నిర్ణయం.

ఇప్పుడు పార్టీ మారితే పదవి పోయే ఫిరాయింపుల చట్టం ఉంది, సుప్రీంకోర్టు ఇచ్చిన బొమ్మై తీర్పు తర్వాత బలం తేలాల్సింది సభలోనే. అందుకని ధీమా వద్దు. విప్, అంటే ఎలా ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశం, ఉన్న పార్టీ కూడా మొత్తంగా మద్దతు వెనక్కి తీసుకోవచ్చు. స్వతంత్రులకైతే విప్పే లేదు. అవిశ్వాసం రోజు వరకూ ఆగకు. గవర్నర్ ప్రసంగానికి ధన్యవాద తీర్మానం, బడ్జెట్, శాఖల ఖర్చు పద్దుల మీద ఓటింగ్, ప్రతిదీ బలపరీక్షే. ఆ రోజుల్లో మనవాళ్లు ఒక్కరు కూడా పెళ్లికని, ఆస్పత్రికని చెప్పకుండా ఊరు దాటకూడదు.

అసలు పని మాత్రం ఊళ్లలో ఉంటుంది. మద్దతిచ్చే ప్రతి ఎమ్మెల్యే పేరు పక్కన అతన్ని గెలిపించినవాళ్లు ఎవరో, ఏం చేసి బతుకుతారో రాసుకో. ఏ జీవో వచ్చినా, సంతకానికి ముందు ఆ కాగితంతో సరిచూడమని మీ నాయకుడికి చెప్పు. చిక్కున్న చోట ఆ ఎమ్మెల్యేను పేపర్లో చదివే దాకా ఉంచకుండా ముందే పిలిచి కూర్చోబెట్టండి.

ఆరోగ్యం జాగ్రత్త.

మీ పెదనాన్న