వ్యాసంలో తత్వవేత్తకు పనేమిటి?

ప్రశ్న: గోల్డింగ్ నవల 'లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్' మీద వ్యాసం రాస్తూ మొదటి పేరాలో ఆంగ్ల తత్వవేత్త హాబ్స్ సిద్ధాంతాన్నీ, రెండో పేరాలో రెండవ ప్రపంచ యుద్ధ చరిత్రనూ వివరించాను. 'రెండూ అతికించినట్టున్నాయి' అని మా అధ్యాపకురాలు రాశారు. వాటిని ప్రస్తావించమని చెప్పిందీ ఆవిడే. మరి ఎలా వాడాలి?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: మీరు హాబ్స్‌ను పిలిచి వాకిట్లోనే నిలబెట్టేశారు. ఆ పేరాను కొట్టేసి చదివి చూడండి. మిగతా వ్యాసానికి ఏ లోటూ రాకపోతే ఆవిడ మాట నిజమే.

సిద్ధాంతంతో కాక, నవలలో మీకు కొరుకుడుపడని ఘట్టంతో మొదలుపెట్టండి. యుద్ధకాలంలో పెద్దలెవరూ లేని దీవిలో చిక్కుకున్న బడిపిల్లల కథ కదా ఇది, దాని ముగింపునే తీసుకుందాం. తనను చంపడానికి తరుముకొస్తున్న పిల్లలనుంచి పారిపోతూ, మొదట్లో వాళ్లే నాయకుడిగా ఎన్నుకున్న రాల్ఫ్ ఒడ్డున కూలబడి తలెత్తేసరికి ఎదురుగా నౌకాదళ అధికారి ఉంటాడు. అంతవరకూ ఈటెలు పట్టిన వేటగాళ్లు ఆ యూనిఫాం చూడగానే మళ్లీ చిన్నపిల్లలైపోతారు. అందరినీ అదుపులో ఉంచే అధికారం లేనిచోట మనుషులు యుద్ధస్థితిలో బతుకుతారని హాబ్స్ 1651లో 'లెవయథాన్'లో వాదించాడు గనుక, ఈ దృశ్యం ఆయన వాదనకు నిదర్శనంలా కనబడుతుంది. చాలామంది వ్యాసం ఇక్కడే ఆపేస్తారు. కానీ ఆ అధికారి దిగివచ్చింది యుద్ధనౌక నుంచి. రాజులు ఎప్పుడూ ఒకరిపై ఒకరు ఆయుధాలు ఎక్కుపెట్టే ఉంటారని హాబ్స్ కూడా గుర్తించాడు. అయితే దానివల్ల ప్రజల పనిపాటలు సాగుతాయి కాబట్టి, అధికారమే లేనప్పుడు ఉండేంత దుర్భర స్థితి అది కాదన్నాడు. అణుబాంబు ప్రస్తావనను మొదటి అధ్యాయంలోనే పిగ్గీ అనే పిల్లవాడి నోట పలికించిన గోల్డింగ్ ఈ ఊరటను అంగీకరిస్తాడా? అంగీకరించడనే నా అభిప్రాయం. తత్వవేత్తకూ నవలకూ పొత్తు కుదరని ఈ చోటే మీ వ్యాసానికి అసలు సరుకు.

అన్నట్టు, మనిషి పుట్టుకతోనే దుర్మార్గుడని హాబ్స్ అన్నట్టు రాయకండి. కోరికలు వాటంతట అవే పాపం కావని ఆయన స్పష్టంగా రాశాడు.

ఇక చరిత్ర. గోల్డింగ్ యుద్ధకాలంలో బ్రిటిష్ నౌకాదళంలో పనిచేశాడు, నవల 1954లో వచ్చింది. ఈ రెండు సంగతులకూ ఒక్క వాక్యం చాలు. పెద్దల లోకం నుంచి ఏదైనా సంకేతం వస్తే బాగుండునని రాల్ఫ్ వాళ్లు తపించిన రాత్రే, ఆకాశయుద్ధంలో మరణించినవాడి శవం పారాచూట్‌తో దీవి మీదకు దిగుతుంది. దాన్నే పిల్లలు తాము భయపడుతున్న మృగమనుకుంటారు. యుద్ధాన్ని చరిత్ర పుస్తకం నుంచి మోసుకురానక్కర్లేదు, ఈ శవం దగ్గర ఆగి అక్కడినుంచి హిరోషిమా అనంతర కాలపు భయంలోకి వెళ్లండి.

ప్రశ్న: హాబ్స్‌తోపాటు పద్దెనిమిదో శతాబ్దపు తత్వవేత్త రూసోను కూడా తెస్తే వ్యాసం బలపడుతుందా?
– మరో విద్యార్థి

జవాబు: పేర్ల సంఖ్య పెరిగినంత మాత్రాన బలపడదు. రూసో హాబ్స్‌కు అడ్డు తగిలితేనే తీసుకురండి. సమాజం వల్ల పుట్టిన ఉద్రేకాలను హాబ్స్ ఆదిమ మానవుడికి అంటగట్టాడని రూసో 1755 నాటి అసమానతల వ్యాసంలో ఆక్షేపించాడు. తర్వాత వేటగాళ్లను నడిపే జాక్ మొదటిసారి కనిపించేటప్పుడే గాయక బృందానికి నాయకుడు. నల్లటి అంగీలు తొడిగిన పిల్లలను వరుసల్లో నడిపిస్తూ వస్తాడు. ఆజ్ఞాపించడం అతను దీవిలో నేర్చుకున్నది కాదు కాబట్టి, ఆ పిల్లలది ప్రకృతిస్థితి, అంటే సమాజమూ ప్రభుత్వమూ లేనప్పటి స్థితి, అనడం ఎంతవరకు చెల్లుతుందో రూసో చేత అడిగించవచ్చు.