తిండి చుట్టూ డిటెక్టివ్ కామిక్ గీస్తున్న మేనకోడలికి

అమ్మడూ, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పేజీలు చూశాను. బొమ్మలకి వంక పెట్టేది లేదు, కథే కుదరలేదు. నీ డిటెక్టివ్ మన విశాఖ ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తింటాడు, శవం దొరుకుతుంది, మళ్ళీ ఏదో తింటాడు. తిండికీ కేసుకీ చుట్టరికమే లేదు.

‘చ్యూ’ అనే ఇంగ్లీషు కామిక్ చదివాక నీకీ పూనకం వచ్చిందని తెలుసు. జాన్ లేమన్ రాశాడు, రాబ్ గిలొరీ గీశాడు. 2009 నుంచి 2016 దాకా 60 సంచికలు. నీకందులో రక్తం నచ్చింది, నేను చూడమనేది దాని లెక్క. అందులో డిటెక్టివ్ టోనీ చూ ఏది కొరికినా దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ కళ్ళకు కడతాయి. ఆపిల్ తింటే ఏ చెట్టుదో, ఏ మందు కొట్టారో తెలిసిపోతుంది. మాంసం తింటే ఆ జంతువుని నరికింది కూడా కనిపిస్తుంది. ఏమీ కనిపించకుండా తినగలిగేది పాపం బీట్‌రూట్ ఒక్కటే. మొదటి సంచికలోనే హంతకుడు గొంతు కోసుకుని చస్తే, వాడు చంపినవాళ్ళ పేర్ల కోసం శవాన్నే కొరకాల్సొస్తుంది. ఒళ్ళు జలదరిస్తుంది, నవ్వూ ఆగదు. నీ హీరోకి శక్తి ఉంది కానీ దానివల్ల పూట భోజనం కూడా చెడటం లేదు. ముందు అది సరిచెయ్యి. శవం కొరకడం మాత్రం ఎత్తుకురాకు, అది వాళ్ళ సొత్తు.

ఆ కథలో బర్డ్ ఫ్లూ పేరు చెప్పి కోడిమాంసం నిషేధిస్తారు, దొంగచాటు చికెన్ హోటళ్ళు పుట్టుకొస్తాయి. అక్కడది కల్పన. మనకి నిషేధం నిజంగానే ఉంది కదే! మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు చేపల వేటకెళ్ళకూడదు. పడమటి తీరంలో అది జూన్ 1న మొదలై జూలై 31 దాకా. కాబట్టి మే నెలలో హోటల్‌వాడు ‘తాజా వంజరం’ అంటే అటునుంచి ఐసులో వచ్చిందని బుకాయించొచ్చు. జూన్ మొదటి రెండు వారాలు మాత్రం రెండు తీరాలూ మూతే. అప్పుడు పళ్ళెంలో పడ్డ వంజరం ఎక్కడిది? ఇంజను లేని తెప్పదా, ఐసుగదిలో నెలల తరబడి మగ్గిందా, దొంగవేటదా? కేసు అక్కడ పెట్టు. శవం తర్వాత నిదానంగా దొరుకుతుందిలే.

ఫిషింగ్ హార్బర్‌కి తెల్లారకముందే వెళ్ళు. చేపలమ్మే ఆవిడ మొప్ప ఎత్తి చూపించే వేళ్ళు గియ్యి. మొప్ప ఎర్రగా ఉందా, గోధుమరంగుకి తిరిగిందా. కన్ను ఉబ్బి నిగనిగలాడుతోందా, గుంటపడి తెల్లబారిందా. వేలితో నొక్కితే సొట్ట పైకి లేస్తోందా, అలాగే ఉండిపోతోందా. క్షణంలో పోస్టుమార్టం పూర్తి. అసలావిడనే డిటెక్టివ్‌ని చెయ్యకూడదూ? అడక్కుండా ఫొటో తీస్తే తిట్లు తింటావు. అవి రాసుకో, డైలాగులకి పనికొస్తాయి.

చావు మీద హాస్యం జాగ్రత్త. శవం పక్కన నిలబడి ‘బిర్యానీ చల్లారిపోతోంది సార్’ అనే కానిస్టేబుల్‌ని పెట్టు, ఎవరైనా నవ్వుతారు. పోయినవాళ్ళ ఇంట్లోవాళ్ళ ఏడుపుని మాత్రం జోకు చెయ్యకు. పత్రికలకి ఇన్నేళ్ళు బొమ్మలేసినవాడిగా చెబుతున్నా, పాఠకుడు అక్కడే పేజీ మూసేస్తాడు.

లేమన్ మాటల బెలూన్లలో అక్షరాలు కూడా తనే పేర్చుకున్నాడు. నువ్వూ అంతే చెయ్యి. మన ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లీషు కొలతతో గీస్తే ‘రాష్ట్రం’ ఒత్తులు కింది వరస నెత్తిన పడతాయి. ముందు మాటలు రాసుకుని, తర్వాత బెలూన్ గియ్యి. చప్పుళ్ళకి ‘బూమ్‌’లు దేనికి? తాలింపు చిటపటలాడుతుంది, పెనం చుయ్‌మంటుంది.

మాడుగుల హల్వాలో విషం కలిపే సీను తీసెయ్యి. కథ ఎలా తిరిగినా సరే, ఆ హల్వా జోలికెళితే మీ అమ్మమ్మ మనిద్దర్నీ గడప తొక్కనివ్వదు. సరిచేశాక పెన్సిల్ పేజీలే పంపు. ఇంకు పెట్టాక దిద్దమంటే నీకు ముక్కుమీద కోపం.

మావయ్య
విశాఖపట్నం