సరదాగా నాణేలు, ఉంగరాలు వెతకడానికి హైదరాబాద్‌లో ఎలాంటి మెటల్ డిటెక్టర్ తీసుకోవాలి?

అన్నిటికంటే ముందు గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేలలోని ఖనిజాల సిగ్నల్‌ని పక్కన పెట్టే సదుపాయం, ఉందా లేదా చూడండి. మన ఎర్రమట్టిలో ఇనుము పాలు ఎక్కువ, దానికి తగ్గట్టు సర్దుకోలేని చవక మెషిన్ అయితే కాయిల్‌ని (కర్ర చివర ఉండే పళ్లెం లాంటి భాగాన్ని) నేల మీద కాస్త పైకీ కిందకీ ఆడించినా చాలు, కింద ఏమీ లేకుండానే కుయ్‌కుయ్ మంటూ ప్రాణం తీస్తుంది. డబ్బు పెట్టగలిగితే మైన్‌ల్యాబ్ వాన్‌క్విష్ లాంటి మల్టీ ఫ్రీక్వెన్సీది, అంటే ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీల్లో వెతికేది, మేలు.

చెత్త ఉన్నచోట చిన్న కాయిల్ వాడండి, పెద్దది లోతుకి వెళ్తుంది కానీ పక్కపక్కనున్న వస్తువుల్ని కలిపేసి చూపిస్తుంది. ఇంకో తిరకాసు ఏంటంటే సిగరెట్ ప్యాకెట్ రేకుకీ సన్నటి బంగారు ఉంగరానికీ మెషిన్ తెరమీద లోహాన్ని బట్టి చూపే నంబర్ దాదాపు ఒకటే వస్తుంది, రేకు వద్దని ఫిల్టర్ పెడితే ఉంగరం కూడా పోతుంది, కాబట్టి తవ్వక తప్పదు.

"పది మీటర్ల లోతులో బంగారం చూపిస్తుంది" అనే ప్రకటనలు పచ్చి మోసం. ఒక్క నాణెం అయితే జానెడు లోతు దాకా దొరికితే గొప్పే.

గోల్కొండ వైపు మాత్రం మెషిన్ తీసుకెళ్లకండి, రక్షిత కట్టడం, కేసవుతుంది. వేరేచోట అయినా స్థలం యజమానిని అడగండి. భూమిలో దాచిన పది రూపాయలకు మించిన విలువైనది దొరికితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టర్‌కి చెప్పాలి. అవును, పది రూపాయలే!