పాఠకుల ప్రశ్నలు – జవాబులు: హోటల్లో మనుషులు ఎందుకు నిలవడం లేదు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హోటల్ సిబ్బంది గురించే కావడంతో, మిగతా విషయాలను వచ్చే సంచికకు ఉంచి ఈ పుటలను వీటికే కేటాయిస్తున్నాను. మన వాడుకలో ఇడ్లీ, దోసె దొరికే చోటూ హోటలే, గదులు అద్దెకిచ్చే చోటూ హోటలే కనుక రెండు రకాల ప్రశ్నలూ ఇక్కడ కలిసే ఉన్నాయి.

ప్రశ్న: మాది టిఫిన్ హోటల్. 14 మంది పనిచేస్తారు. రెండేళ్లలో ముగ్గురు దోసె మాస్టర్లు మారారు. చివరాయన 40,000 రూపాయల అడ్వాన్సు తీసుకుని, సంక్రాంతికి ఊరెళ్లి మళ్లీ రాలేదు. అప్పటి నుంచి కొత్తగా చేరేవారి ఆధార్ కార్డు నా దగ్గరే పెట్టుకుని, ఒక నెల జీతం ఆపి ఉంచుతున్నాను. ఇది సరైన పద్ధతేనా?
— ఒక యజమాని, తెనాలి

జవాబు: సరైనది కాదు. పైగా మీరు ఆశించిన ఫలితం కూడా దానివల్ల రాదు. ముందు చట్టం సంగతి చూద్దాం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెల జీతాన్ని తరువాతి నెల 7వ తేదీలోగా ఇచ్చేయాలి. పని మానేసిన మనిషి లెక్కను రెండు పనిదినాల్లో తేల్చాలి. ఇచ్చిన అడ్వాన్సును జీతంలోంచి వాయిదాల్లో పట్టుకోవచ్చు గానీ, అన్ని కోతలూ కలిసి జీతంలో సగం దాటకూడదు. అప్పు తీరేదాకా కదలడానికి వీల్లేదని మనిషిని ఆపడం, అతని కాగితాలు దాచిపెట్టుకోవడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దాకా పోగల వ్యవహారం. ఆ కార్డులను ఇవాళే తిరిగి ఇచ్చేయండి.

ఇక అసలు విషయం. మీ మాస్టరు అడ్వాన్సు కోసం వచ్చాడు, బహుశా మరొకరిచ్చిన ఇంకా పెద్ద అడ్వాన్సు కోసం వెళ్లాడు. మన వ్యాపారంలో అడ్వాన్సు అనేది అప్పు రూపంలో కనిపించే కొనుగోలు ధర. ధర కట్టి తెచ్చుకున్న మనిషిని మరొకరు అంతకన్నా ఎక్కువ కట్టి తీసుకుపోతారు. జీతం ఆపి ఉంచడమూ ఇదే దారి. తన నెల జీతం మీ దగ్గర ఇరుక్కుందని తెలిసినవాడు ఆ మేరకు అడ్వాన్సు చేతిలో పడ్డాకే సంచి సర్దుకుంటాడు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట సంక్రాంతి. పెనం దగ్గర ఒక్కడే ఉన్న హోటల్లో ఆ ఒక్కడికి సెలవు ఉండదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఆరు నుంచి పదకొండు దాకా పెనం ముందు నిలబడి, మధ్యాహ్నం స్టోరు గదిలో కునుకు తీసి, మళ్లీ నాలుగు నుంచి రాత్రి పది దాకా నిలబడే బ్రేక్ డ్యూటీలో, కాగితం మీద పదకొండు గంటల పని కనిపించినా మనిషి పద్దెనిమిది గంటలు హోటల్‌కే కట్టుబడి ఉంటాడు. అలాంటివాడు పండక్కి ఊరు వెళ్లాడంటే, తిరిగొస్తే మళ్లీ ఇంటి ముఖం ఎప్పుడు చూస్తాడో తెలియక, అక్కడే ఉండిపోతాడు. డబ్బు ఎగ్గొట్టాలన్న దురుద్దేశం కొందరికి ఉండవచ్చు గానీ, నేను చూసిన చాలామంది విషయంలో కారణం ఈ భయమే.

కాబట్టి మీకు కావలసింది పెనం దగ్గర రెండో చెయ్యి. గ్రైండరు దగ్గరో చట్నీల దగ్గరో చురుకైన కుర్రాడు ఒకడు ఉంటాడు. రద్దీ లేని సాయంత్రం వేళల్లో అతని చేతికి గరిటె ఇప్పించండి. మాస్టరు దీనికి ఒప్పుకోడని మీరు అనవచ్చు. నిజమే, పని నేర్పితే తన విలువ పడిపోతుందని అతని లెక్క. ఆ లెక్కను మీరే మార్చాలి. కుర్రాడు సాయంత్రం పూట ఒంటరిగా పెనం నడపగలిగిన నాడు మాస్టరుకు ఇంత మొత్తం ఇస్తానని ముందే చెప్పి, అన్నమాట ప్రకారం ఇవ్వండి. బియ్యం, మినప్పప్పు, మెంతుల కొలతలు, ఎండాకాలంలో పిండి ఎన్ని గంటలు పులవాలి, చలికాలంలో ఎన్ని గంటలు అన్నది ఒక పుస్తకంలో రాయించండి. రుచి ఒకరి జ్ఞాపకంలోనే ఉన్నంతకాలం ఆ హోటల్ సగం అతనిదే.

రెండో మనిషి జీతం భారమనిపిస్తే, మాస్టరు రాక దోసె ఆగిపోయిన రోజుల్లో కౌంటరు వసూలు ఎంత తగ్గిందో మీ పద్దు పుస్తకం తీసి చూడండి. వారానికి 48 గంటల పని, ఒక రోజు సెలవు, అంతకు మించి చేయిస్తే రెట్టింపు కూలీ అన్నది చట్టం. ఇద్దరు మాస్టర్లు ఉంటే తప్ప మీరు దాన్ని పాటించలేరు. అడ్వాన్సు పూర్తిగా మానేయమని నేను అనను. జూన్‌లో పిల్లల ఫీజులకో, ఇంట్లో ఆసుపత్రి ఖర్చుకో, ఏడాది పనిచేసిన మనిషికి, నెల జీతం మించకుండా, వాయిదాలు రాసుకుని ఇవ్వండి. చేరే రోజున మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి.

ప్రశ్న: మా రెస్టారెంటులో సప్లయర్లకు టిప్పులు సగానికి సగం పడిపోయాయి. అందరూ ఫోన్‌తో చెల్లిస్తున్నారు, చిల్లర మిగలడం లేదు. సిబ్బంది గొణుగుతున్నారు. బిల్లులో సర్వీస్ చార్జి వేయవచ్చా?
— ఒక మేనేజరు, హనుమకొండ

జవాబు: తప్పనిసరిగా కట్టమంటూ వేయకూడదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న ఇచ్చిన మార్గదర్శకాలు ఈ మాటే చెప్పాయి, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది.

సోంపు పళ్లెంలో బిల్లుతో పాటు చిల్లర వచ్చే రోజుల్లో టిప్పు తనంతట తానే మిగిలేది. ఇప్పుడు బల్ల మీద ఉన్న క్యూఆర్ కోడ్ యజమాని ఖాతాది, కనుక అదనంగా ఇవ్వాలనుకున్న అతిథికి దారి లేదు. సిబ్బందిలో ఇద్దరి పేరున ఒక ఉమ్మడి ఖాతా తెరిపించి, దాని కోడ్‌ను బిల్లు పెట్టే అట్ట లోపల అంటించండి. ఆ ఇద్దరిలో ఒకరు వంటింటి మనిషై ఉండాలి. ప్రతి రాత్రీ మొత్తం చూసి గోడ మీద రాయాలి, వారానికోసారి పంచాలి. పంపకంలో ప్లేట్లు కడిగేవారికి వాటా ఉండి తీరాలని నా పట్టుదల. హోటల్లో అందరికన్నా ముందు మానేసేది వాళ్లే, వాళ్లు రాని రోజున మిగతా పని మొత్తం నిలిచిపోతుంది. టిప్పులు వస్తున్నాయి కదా అని జీతాన్ని కనీస వేతనం కన్నా తగ్గించడం మాత్రం కుదరదు.

ప్రశ్న: మా వంటింట్లో ఒడిశా, బెంగాల్ కుర్రాళ్లు, మనవాళ్లు కలిసి పనిచేస్తారు. పండగ వస్తే గుంపుగా వెళ్లిపోతారు. అందరినీ ఒకే ప్రాంతం నుంచి తీసుకుంటే గొడవలైనా తగ్గుతాయా?
— ఒక యజమాని, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: గొడవలు తగ్గవచ్చేమో గానీ సెలవుల కష్టం రెట్టింపవుతుంది. అందరిదీ ఒకే ఊరైతే అందరిదీ ఒకే పండగ. ఇప్పుడు మీ దగ్గరున్న కలగలుపే మీకు అనుకూలం. మనవాళ్లకు సంక్రాంతి జనవరిలో, ఒడిశా వాళ్లకు రజ పండగ జూన్‌లో, బెంగాలీలకు దుర్గాపూజ సెప్టెంబరు–అక్టోబరులో వస్తాయి. ఒకరి పండక్కి మిగతావారు డ్యూటీ చూసుకునేలా ఏడాది మొత్తానికి సెలవుల పట్టిక రాసి వంటింటి గోడకు అంటించండి. బిర్యానీ మాస్టరు ముస్లిమైతే రంజాన్ విషయం ఇంకా ముందుగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే హైదరాబాద్‌లో అదే హలీం గిరాకీ ముమ్మరంగా ఉండే నెల.

గుంపుగా వెళ్లిపోవడానికి మరో కారణం రైలు. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషను 60 రోజుల ముందు నుంచే తెరుస్తున్నారు. తెరిచిన రోజునే ఎవరో ఒకరు పూనుకోకపోతే టికెట్టు దొరకదు, దొరకనివారు జనరల్ బోగీలో తోడుగా గుంపు కట్టుకుని వెళ్తారు. రానూ పోనూ టికెట్లు హోటలే తీయిస్తే, తిరుగు ప్రయాణపు తేదీ కూడా మీకు ముందే తెలుస్తుంది. ఈ ఖర్చు నేను చూసిన ఖర్చులన్నింటిలో చవకైనది.

గొడవల గురించి ఒక్క మాట. అవి సాధారణంగా భాష వల్ల రావు, సిబ్బంది భోజనం దగ్గర వస్తాయి. అతిథులకు మిగిలినది, చల్లారినది, మధ్యాహ్నం మూడున్నరకు, నిలబడి తినే చోట ఎవరికైనా చిరాకే. వేళకు వేరుగా వండించి, కూర్చుని తినే ఏర్పాటు చేయండి. వారానికి ఒక రోజు బెంగాలీ కుర్రాడిచేత చేపల కూర వండించి చూడండి.

ప్రశ్న: మా 46 గదుల హోటల్లో ఫ్రంట్ ఆఫీసులో చేరిన పిల్లలు ఆరు నెలల్లో పని నేర్చుకుని హైదరాబాద్ స్టార్ హోటళ్లకో, గల్ఫ్‌కో వెళ్లిపోతున్నారు. రెండేళ్ల బాండు రాయించుకోమని మా ఆడిటరు గారు సలహా ఇచ్చారు. మీరేమంటారు?
— ఒక మేనేజరు, విశాఖపట్నం

జవాబు: ఉద్యోగం మానేశాక మరోచోట పనిచేయకూడదన్న షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను కింద చెల్లదు. ఇన్నాళ్లు పనిచేస్తాను, మధ్యలో మానేస్తే ఇంత చెల్లిస్తానన్న బాండు వేరు. 2025 మేలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో మూడేళ్ల గడువు, రెండు లక్షల రూపాయల షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే ప్రభుత్వ బ్యాంకు ఒక ఖాళీ నింపాలంటే ప్రకటన, పోటీ ప్రక్రియ అంతా మళ్లీ నడపాలి. మీరు పది రోజుల్లో చెక్-ఇన్ సాఫ్ట్‌వేరు నేర్పారు. కోర్టు మీ నిజమైన ఖర్చెంతని అడిగితే ఏం చూపిస్తారు? అదీగాక, బాండుకు భయపడి ఆగిన పిల్ల కౌంటరు దగ్గర అతిథిని చూసి నవ్వదు.

వాళ్లు వెళ్లేది పై మెట్టు లేక. రిసెప్షను తరువాత మీ హోటల్లో ఉన్నది మేనేజరు కుర్చీ ఒక్కటే, అందులో మీరున్నారు. మధ్యలో మెట్లు కట్టండి. రిజర్వేషన్లు, నైట్ ఆడిట్ (రాత్రి పూట ఆనాటి లెక్కలు సరిచూసే పని), ఫ్లోర్ సూపర్‌వైజరు పని వంతులవారీగా నేర్పి, ఒక్కో మెట్టుకు కొంత జీతం, ఒక హోదా కాగితం మీద ఇవ్వండి. వారం ముందే డ్యూటీ చార్టు చేతికివ్వండి, రాత్రి డ్యూటీ ముగించిన అమ్మాయిలకు వాహనం పంపండి. ఇంత చేసినా ఏడాదిన్నర తరువాత కొందరు వెళ్తారు, వెళ్లనివ్వండి. హైదరాబాద్, తిరుపతి హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థలతో మాట్లాడి ఏటా ఇద్దరు శిక్షణార్థులను తీసుకుంటే ఖాళీ ఎప్పుడు వచ్చినా కంగారుండదు. జాతీయ అప్రెంటిస్ ప్రోత్సాహక పథకం కింద నమోదైనవారి స్టైపెండులో 25 శాతాన్ని, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది.

మీ ఉత్తరంలో రూమ్ బాయ్‌ల ఊసే లేదు. వాళ్లు నిలకడగా ఉన్నారనుకోవాలా, మారిపోతున్నా మీ దృష్టికి రాలేదనుకోవాలా? అతిథి ఖాళీ చేసిన గదిని సిద్ధం చేయడానికి, అతిథి ఉంటున్న గదిని సర్దడానికి పట్టే సమయంలో దాదాపు సగానికి సగం తేడా ఉంటుంది. ఒకరికి ఖాళీ అయిన గదులు, మరొకరికి అతిథులున్న గదులు తలా పద్నాలుగు పంచి సమానమనుకునే సూపర్‌వైజరు దగ్గర మంచి పనివాడు నిలవడు.

ప్రశ్న: పనివారికి లాభంలో వాటా ఇస్తే ఎలా ఉంటుంది?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మన దేశంలో అంతకన్నా ముందుకు వెళ్లినవారున్నారు. కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసివేస్తూ సిబ్బందిని తొలగించినప్పుడు, కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో ఆ పనివాళ్లే సహకార సంఘాలు పెట్టుకున్నారు. 1957 ఆగస్టు 19న బెంగళూరులో తొలి సంఘం ఏర్పడింది, అదే ఏడాది అక్టోబరు 27న ఢిల్లీలో ఇండియన్ కాఫీ హౌస్ తెరుచుకుంది. అక్కడ కాఫీ అందించే మనిషి సంఘంలో సభ్యుడు కూడా. చిన్న హోటల్లో వాటా ఇవ్వాలంటే లెక్కల పుస్తకం అందరి ముందూ తెరవాలి. దానికి మీరు సిద్ధంగా లేకపోతే వాటా అన్న మాట ఎత్తకండి. నెల అమ్మకం ఫలానా అంకె దాటితే ఆ పైన వచ్చినదాంట్లో ఇంత శాతమని చెప్పడం తేలిక, అనుమానాలకు తావుండదు.

ప్రశ్న: స్నేహితుడి కొడుకు, 13 ఏళ్లవాడు, వేసవి సెలవుల్లో మా హోటల్లో బల్లలు తుడుస్తానంటున్నాడు. పెట్టుకోవచ్చా?
— ఒక యజమాని, ఖమ్మం

జవాబు: వద్దు. 14 ఏళ్ల లోపు పిల్లలను హోటళ్లలో పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచే నిషేధం. 2016 సవరణతో శిక్ష పెరిగింది: కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా రెండేళ్ల జైలు, లేదా కనీసం 20,000, గరిష్ఠంగా 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా ఒకే హోటల్లో సప్లయరుగా ఉన్నాను. ఊళ్లో మా నాన్నకు ఒంట్లో బాగాలేక మానేద్దామనుకుంటున్నాను. మా యజమాని 18 మందే ఉన్నారు కనుక పీఎఫ్ లేదంటారు. నాకేమైనా వస్తుందా అండీ?
— ఒక సప్లయరు, కర్నూలు

జవాబు: వస్తుంది. పీఎఫ్‌కు 20 మంది ఉండాలన్న మాట నిజమే గానీ, మేస్త్రీ ద్వారా వచ్చిన క్లీనర్లను కూడా ఆ లెక్కలో కలపాలి. వాళ్లను కలిపి లెక్కపెట్టి చూడండి. గ్రాట్యుటీకి, అంటే ఏళ్ల తరబడి పనిచేసి మానేసేటప్పుడు యజమాని ఇవ్వాల్సిన మొత్తానికి, 10 మంది చాలు, అయిదేళ్ల సర్వీసు చాలు, మీ అంతట మీరు మానేసినా ఇవ్వాల్సిందే. లెక్కకు వచ్చే చివరి నెల వేతనం 18,000 రూపాయలైతే దాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, మళ్లీ ఎనిమిదితో హెచ్చించండి. 83,077 రూపాయలు వస్తాయి. రాజీనామా ఉత్తరంలో చివరి పనిదినం తేదీ స్పష్టంగా రాసి, నకలు మీద యజమాని సంతకం తీసుకోండి. గ్రాట్యుటీ దరఖాస్తును 30 రోజుల్లోగా విడిగా ఇవ్వండి. నెల గడిచినా రాకపోతే కర్నూలులోని కార్మిక శాఖ కార్యాలయంలో ఆ నకలు, జీతం జమైన బ్యాంకు పాసుపుస్తకం చూపించి ఫిర్యాదు చేయవచ్చు. జీతం చేతికే ఇస్తున్నట్లయితే, మానేసే మాట ఎత్తకముందే రెండు మూడు నెలలు బ్యాంకులో వేయమని అడగండి.