టెక్ సందేహాలు: పొలానికి వెళ్లే నాన్నకు ఏ టార్చిలైటు?

ప్రశ్న: నాన్న రాత్రిళ్లు బోరు మోటారు వేయడానికి పొలం వెళ్తారు. గట్ల మీద పాముల భయం. ఆన్‌లైన్‌లో 10,000 ల్యూమెన్ల ఎల్‌ఈడీ టార్చి రూ.499కే ఉంది. కొనొచ్చా?

జవాబు: వద్దు. ల్యూమెన్ అంటే టార్చి ఇచ్చే వెలుగుకు కొలత. ఆ 10,000 డబ్బా మీదే ఉంటుంది. ఇంట్లో వాడే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఇచ్చేదే సుమారు 900 ల్యూమెన్లు. అలాంటి పదకొండు బల్బుల వెలుగు గుప్పెట్లో పట్టే టార్చిలోంచి వస్తే ఆ వేడికి చెయ్యి నిలవదు.

అబద్ధం పట్టుకోవాలంటే సెల్ చూడండి. ఇలాంటి టార్చిల్లో వాడే 18650 రకం లిథియం సెల్‌లో మంచిదైనా సాధారణంగా 3,500 ఎంఏహెచ్ (సెల్‌లో పట్టే ఛార్జికి కొలత) దగ్గర ఆగుతుంది. 9,900 అని రాసి ఉంటే పక్కన పెట్టేయండి. అలాంటిది ఒకటి నేనూ కొన్నాను లెండి, కొలిస్తే వెయ్యి కూడా దాటలేదు.

నాన్నగారికి 300 నుంచి 500 ల్యూమెన్లు నిలకడగా ఇచ్చేది చాలు. పెద్ద అంకెలు చాలావరకు మొదటి ఒకటి రెండు నిమిషాల ముచ్చటే. వేడెక్కగానే టార్చి తనంతట తనే వెలుగు తగ్గించుకుంటుంది. ‘200 మీటర్లు’ అని రాసినా అంత దూరంలో పడేది పున్నమి వెన్నెలపాటి వెలుగే.

అయినా పాము 200 మీటర్ల అవతల ఉంటే మనకేం భయం? కాళ్ల ముందు కనిపించాలి. జూమ్ టార్చి వెలుగును దగ్గరకు బిగిస్తే దూరాన చిన్న చదరం వెలుగుతుంది, పాదాల దగ్గర చీకటే. వెలుగు వెడల్పుగా పరుచుకునేది తీసుకోండి. నీలంగా కొట్టే తెలుపులో ఎండుగడ్డీ గోధుమరంగు పామూ ఒకేలా కనిపిస్తాయి. సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత అసలుగా చూపిస్తుందో చెప్పే అంకె, వందకి) 90 పైన ఉంటే రంగులు విడివిడిగా తెలుస్తాయి. నీటిని ఎంత తట్టుకుంటుందో ఐపీఎక్స్ అంకె చెబుతుంది: వానకు ఐపీఎక్స్4 సరిపోతుంది, కాలువలో పడే అవకాశముంటే ఐపీఎక్స్7 చూడండి.

స్టార్టర్ డబ్బా తెరిచేటప్పుడు టార్చి చంకలో ఇరికించుకోవడం మామూలే కదా. అందుకే నన్నడిగితే, తలకు కట్టుకునే హెడ్‌ల్యాంపే కొనిస్తాను.

ప్రశ్న: నా టార్చికి సీ-టైప్ పోర్టు ఉంది. కానీ కొత్త ఫోన్ ఛార్జర్ పెడితే ఎక్కడం లేదు. పాడైందా?

జవాబు: పాడై ఉండకపోవచ్చు. చవక టార్చిల్లో పోర్టు దగ్గర పెట్టాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు (టార్చి తగిలించారని ఛార్జర్‌కు తెలిపే విడిభాగాలు) ఎగ్గొడతారు. అవి లేకపోతే రెండు వైపులా సీ-టైప్ ఉన్న కేబుల్‌తో ఛార్జర్ కరెంటు వదలదు. ఒకవైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న కేబుల్ పెట్టి చూడండి.