రీబూట్ లేకుండా కెర్నెల్ మార్చే ముందు

తమ్ముడూ,

సర్వర్ ఆపకుండానే శనివారం కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి ప్రోగ్రామ్) మార్చేస్తానని రాశావు. చెయ్యి, కానీ ముందు ఒక్కటి తేల్చుకో. నీకు కావాల్సింది కొత్త కెర్నెలా, ఉన్న కెర్నెల్‌లో ఒక లోపానికి మరమ్మతా?

మరమ్మతయితే లైవ్ ప్యాచ్, అంటే నడుస్తున్న కెర్నెల్‌కే అతుకు వెయ్యడం. లినక్స్‌లోకి 2015లో 4.0 వెర్షన్‌తో వచ్చింది. లోపమున్న ఫంక్షన్‌ను (ఒక పని చేసే కోడ్ ముక్కను) పిలిచిన ప్రతిసారీ కెర్నెల్‌లోనే ఉండే ఎఫ్‌ట్రేస్ అనే సదుపాయం గుమ్మంలోనే ఆపి, సరిచేసిన ఫంక్షన్ వైపు మళ్లిస్తుంది. పాత కోడ్ మెమరీలో అలాగే ఉంటుంది. అందుకే కెర్నెల్ వెర్షన్ చూపించే యునేమ్ కమాండ్ కొడితే పాత వెర్షనే కనిపిస్తుంది, కంగారుపడకు. సెక్యూరిటీ లోపాలు చాలావాటికి ఇది సరిపోతుంది. డేటా స్ట్రక్చర్ల ఆకారమే, అంటే మెమరీలో డేటా అమరే తీరే, మారాలంటే మాత్రం కష్టం, పాత ఆకారంలో ఉన్న డేటా అప్పటికే మెమరీ నిండా ఉంటుంది కదా.

ప్యాచ్ లోడయిందని లేచి వెళ్లిపోకు. సిస్ (/sys) డైరెక్టరీ కింద ఆ ప్యాచ్ ఫోల్డర్‌లో ట్రాన్సిషన్ అనే ఫైలుంటుంది. అందులో 1 ఉన్నంతసేపూ పని పూర్తికానట్టే. ఒక్కో ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) సురక్షితమైన చోటికి వచ్చాకే కొత్త కోడ్‌కి మారుతుంది. పాత ఫంక్షన్ లోపల నిద్రపోతున్న ప్రాసెస్ ఒక్కటున్నా అంకె 1 దగ్గరే ఉండిపోతుంది. ప్రాక్ (/proc) డైరెక్టరీ కింద ప్రతి ప్రాసెస్‌కీ ఉండే ప్యాచ్ స్టేట్ ఫైలు చూడు, 0 ఉన్నది ఇంకా మారలేదన్నమాట. ప్యాచ్ ఫోల్డర్‌లో ట్రాన్సిషన్ పక్కనే ఫోర్స్ అని కూడా ఒక ఫైలు కనిపిస్తుంది. ప్యాచ్ రాసినవాళ్లు సరేననకుండా దాని జోలికి పోకు. ఓపిక పట్టు.

కొత్త కెర్నెలే కావాలంటే కెఎగ్జెక్ ఉంది, 2005 నుంచీ. నడుస్తున్న కెర్నెల్ కొత్తదాన్ని మెమరీలోకి తెచ్చుకుని నేరుగా అందులోకి దూకుతుంది. మిషన్ లేవగానే హార్డ్‌వేర్‌ను సరిచూసే బయోస్ దగ్గర పోయే సమయం మిగులుతుంది, పెద్ద సర్వర్లలో అది నిమిషాల లెక్క. కానీ ప్రాసెస్‌లన్నీ పోతాయి, కనెక్షన్లు తెగుతాయి. డేటాబేస్ నడుస్తూనే ఉంటుందనుకోకు.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. కెర్నెల్ లోడ్ చేసి, నేరుగా కెఎగ్జెక్ మైనస్ ఈ (kexec -e) కమాండ్ కొట్టాను. అది సర్వీసులను ఆపదు, ఫైల్‌సిస్టమ్‌లను అన్‌మౌంట్ చెయ్యదు. డిస్కుకి చేరాల్సిన రాతలు మధ్యలోనే పోయాయి. బ్యాకప్ నుంచి ఒక్కో టేబుల్ తెచ్చుకునేసరికి తెల్లారిపోయింది. నువ్వు సిస్టమ్‌సీటీఎల్ కెఎగ్జెక్ (systemctl kexec) కమాండ్ వాడు, అన్నీ పద్ధతిగా ఆపి అప్పుడు దూకుతుంది. కొన్ని పరికరాలు, ముఖ్యంగా గ్రాఫిక్స్ కార్డులు, సరిగ్గా రీసెట్ కాకుండానే కొత్త కెర్నెల్ చేతికొస్తాయి. అందుకే అలాంటి హార్డ్‌వేరే ఉన్న ఇంకో మిషన్ మీద ముందు చేసి చూడు. నెట్‌వర్క్ పోయినా మిషన్ తెరను చూడగలిగే కన్సోల్ యాక్సెస్ లేకుండా మొదలుపెట్టకు.

నువ్వు రాసినదాన్ని బట్టి నీది ఒక్క సెక్యూరిటీ లోపమే. లైవ్ ప్యాచ్ చాలు. కాకపోతే ప్యాచ్ ఉండేది మెమరీలో. ఎప్పుడైనా కరెంటు పోయి మిషన్ మళ్లీ లేస్తే పాత లోపంతోనే లేస్తుంది. కాబట్టి సరిచేసిన కెర్నెల్ ప్యాకేజీ కూడా ఆ రోజే ఇన్‌స్టాల్ చేసి, తీరిగ్గా రీబూట్‌కి ఒక రోజు పెట్టుకో.

ట్రాన్సిషన్ 0కి రాగానే నాకు మెసేజ్ పెట్టు. ఎంత రాత్రయినా మెలకువగానే ఉంటాను.

మీ అన్నయ్య