సీసా మూత తీయకుండా టీకా మందు కలిపేదెలా?

సందేహం: సార్, మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం మండలం. 80 జీవాలు (గొర్రెలు) ఉన్నాయి. పోయినసారి పారుడు రోగం టీకా నేనే కలిపి వేసుకున్నాను. టీకా పొడిని కలిపే డైల్యూయెంట్ నీళ్లు సిరంజితో చిన్న సీసాలోకి ఎక్కిస్తుంటే కొంతసేపటికి ప్లంజరు వెనక్కి తన్నింది. సూది పీకగానే మందు మొహాన చిమ్మింది. ఇట్లా కాదని చాకుతో రేకు, రబ్బరు మూత ఊడదీసి గ్లాసులో పోసి కలిపాను. మిగిలింది రాత్రంతా నీళ్ల కుండ పక్కన పెట్టి మరునాడు మా బావ మందకు వేశాం. నెలన్నర తర్వాత నా మందలో ఆరు జీవాలు పారుకుని చనిపోయాయి. టీకా మంచిది కాదా? యాంటీబయాటిక్, బి-కాంప్లెక్స్ ఒకే సిరంజిలో కలిపి వేయొచ్చా? ఒకసారి అట్లా కలిపితే సిరంజిలో తెల్లగా తరకలు కట్టింది.

సమాధానం: ఆరు జీవాలు పోవడమంటే ఒక కుటుంబానికి కొన్ని నెలల ఆదాయం పోయినట్టే. చాలా బాధ కలిగింది. జరిగింది ఏదీ దాచకుండా రాశారు కాబట్టి తేడా ఎక్కడొచ్చిందో చెప్పగలుగుతున్నాను.

టీకా మంచిదే. పారుడు రోగానికి వేసే ఈ పి.పి.ఆర్. టీకాను సరిగ్గా వేస్తే ఒక్క డోసుతో సుమారు మూడేళ్లు రక్షణ ఉంటుంది. కానీ అది ప్రాణమున్న టీకా. బలహీనపరిచిన వైరస్‌ను ఎండబెట్టి పొడి బిళ్లలా సీసాలో పెడతారు. ఆ వైరస్ బతికి ఉండి గొర్రె ఒంట్లోకి చేరితేనే పని జరుగుతుంది. మీరు మూత ఊడదీసి గ్లాసులో పోయడంతో దుమ్ము, సూక్ష్మక్రిములు అందులో చేరాయి. గ్లాసుకు సబ్బు అంటి ఉంటే వైరస్‌కు అది కూడా దెబ్బే. రాత్రంతా కుండ పక్కన ఉంచిన మందులో ఇక ప్రాణం మిగలదు. మీ బావ మందకు టీకా పడలేదనే లెక్క వేసుకోండి.

ఇక ప్లంజరు ఎందుకు తన్నిందో చూద్దాం. అది తెలిస్తే సీసా మూత ఊడదీయాల్సిన అవసరమే రాదు. ఖాళీగా కనిపించే సీసా నిజానికి గాలితో నిండి ఉంటుంది. 20 మి.లీ. గాలి ఉన్న సీసాలోకి 10 మి.లీ. నీళ్లు తోస్తే, ఆ గాలంతా 10 మి.లీ. చోటులో ఇరుక్కుంటుంది. అంటే ఒత్తిడి రెండింతలవుతుంది. గట్టిగా గాలి కొట్టిన సైకిల్ ట్యూబు వాల్వు తీస్తే ఏమవుతుందో, సూది పీకినప్పుడూ అదే అవుతుంది. మందు తీసేటప్పుడు దీనికి తిరగబడి జరుగుతుంది. లోపల గాలి పల్చబడి, లాగిన ప్లంజరు మళ్లీ లోపలికే పోతుంది. అందుకే సీసాలోకి ఎంత నీరు పోస్తే అంత గాలి బయటికి తీయాలి. ఎంత మందు తీస్తే అంత గాలి ముందే లోపలికి ఇవ్వాలి. ఈ పనిలో అసలు కిటుకు ఇదే.

ఎండబెట్టిన టీకా సీసాల్లో చాలావాటికి ఇంకో గుణం ఉంటుంది. గాలి తీసేసి మూత బిగిస్తారు. సూది గుచ్చగానే సిరంజిలోని నీటిని సీసా తనంతట తానే లోపలికి లాక్కోవాలి. అట్లా లాక్కుంటే సీసా బాగున్నట్టు. గాలి తీసి బిగించిన రకం సీసా లాక్కోలేదంటే మూత దగ్గర ఎక్కడో గాలి దూరిందని అర్థం. దాన్ని వాడొద్దు, తెచ్చిన చోటే వెనక్కి ఇవ్వండి. మీ సీసా ముందు లాక్కుని తర్వాత తన్నిందంటే, పట్టేదానికంటే ఎక్కువ నీళ్లు తోశారన్నమాట. 100 డోసుల మందంతా ఆ చిన్న సీసాలోనే కలపాలనుకున్నారు. అది అలా కలిపేది కాదు.

ఇలా చేయండి. దుమ్ము లేచే దొడ్డిలో కాకుండా, గాలి తగలని నీడలో కూర్చోండి. చేతులు సబ్బుతో కడిగి ఆరనివ్వండి. రెండు సీసాల రబ్బరు మూతలను స్పిరిట్ దూదితో తుడిచి, పూర్తిగా ఆరేదాకా ఆగండి. తడి ఆరకముందే గుచ్చితే స్పిరిట్ లోపలికి పోయి వైరస్‌ను చంపుతుంది. సిరంజిని డెట్టాల్ నీళ్లలో ముంచడం కూడా ఇందుకే వద్దంటాం. సిరంజిలోకి 5 మి.లీ. గాలి తీసుకుని పెద్ద డైల్యూయెంట్ సీసాలోకి ఎక్కించి, 5 మి.లీ. నీళ్లు లాగండి. వాటిని టీకా సీసాలోకి వెళ్లనివ్వండి. సీసాను అరచేతిలో మెల్లగా గుండ్రంగా తిప్పితే బిళ్ల కరిగిపోతుంది. నురగ వచ్చేలా కుదపకండి. తర్వాత సూదిని సీసాలోనే ఉంచి సిరంజిని మాత్రం ఊడదీసి, 5 మి.లీ. గాలితో మళ్లీ తగిలించండి. గాలి ఎక్కించి సీసాను తలకిందులు చేసి, సూది మొన మందులో మునిగి ఉండేలా చూస్తూ మొత్తం లాగండి.

దాన్ని పెద్ద సీసాలోకి ఎక్కించాక వెంటనే సూది పీకొద్దు. సీసాను నిలువుగా పెట్టి, సూది మొన మందుకు పైన, గాలిలో ఉండేలా కాస్త పైకి జరిపి, 5 మి.లీ. గాలిని సిరంజిలోకి లాగి అప్పుడు బయటికి తీయండి. చిమ్మదు. పెద్ద సీసాలోంచే మరో 5 మి.లీ. తీసి టీకా సీసాను ఇంకోసారి కడిగి అదీ కలపండి. గోడలకు అంటుకున్న మందు వృథా కాకూడదు. మామూలుగా 100 డోసులకు 100 మి.లీ., జీవానికి చర్మం కింద 1 మి.లీ. మీరు తెచ్చిన సీసా మీద వేరే కొలత ఉంటే దాన్నే పాటించండి.

మూతకు ఒక సూదిని కేటాయించండి. జీవాలకు గుచ్చిన సూదిని మళ్లీ సీసాలో పెట్టారంటే, ఒక గొర్రె రక్తంతో మిగతా మందంతా చెడుతుంది. గుచ్చేటప్పుడు సూదిని కొద్దిగా వాల్చి, ఏటవాలు కోసిన వైపు పైకి ఉండేలా పెట్టి, లోపలికి దిగుతుండగా నిలువు చేయండి. నిట్టనిలువుగా పొడిస్తే రబ్బరు ముక్క తెగి మందులో పడుతుంది. ఒక గ్రామంలో టీకాలు వేస్తుంటే సిరంజి పదే పదే మూసుకుపోయింది. విప్పి చూస్తే సూదిలో నల్లటి రబ్బరు తునక. అప్పటి నుంచి ఎవరికి నేర్పినా ముందు ఇదే చూపిస్తున్నాను.

మన ఎండలకు ఇంకో జాగ్రత్త కావాలి. టీకాను ఐస్ డబ్బాలో తెస్తారు గానీ, డైల్యూయెంట్‌ను బండి డిక్కీలో పడేస్తారు. వేడెక్కిన నీళ్లు పోస్తే చల్లగా కాపాడుకొచ్చిన టీకా కలిపిన నిమిషమే దెబ్బతింటుంది. రెండూ చల్లగానే ఉండాలి. డైల్యూయెంట్‌ను మాత్రం గడ్డకట్టనివ్వొద్దు, సీసా పగులుతుంది. కలిపాక సీసాను ఐస్ మీదే ఉంచి రెండు గంటల్లో ముగించండి. 80 జీవాలకు వేశాక మిగిలిన 20 డోసులు దాచుకునేవి కావు. బావ మందను కూడా అదే పొద్దున ఒకచోటికి తోలుకొస్తే ఆ 20 డోసులూ అక్కడికక్కడే వాడుకోవచ్చు, చాలకపోతే ఇంకో సీసా కలుపుకోవచ్చు. ఖాళీ సీసాలను చెరువులో, చేనుగట్టున పారేయకండి. అరగంట ఉడకబెట్టి పూడ్చండి.

పొడి యాంటీబయాటిక్ సీసాలకూ గాలి లెక్క ఇదే. సిరంజిలో మందులు కలపడం మాత్రం వద్దు. తరకలు కట్టిందంటే రెండు మందులు ఒకదాన్నొకటి విరగ్గొట్టాయన్నమాట, దాన్ని పారబోయాల్సిందే. బి-కాంప్లెక్స్‌కు ఆమ్ల గుణం ఉంటుంది, అందులో పెన్సిలిన్ త్వరగా చెడుతుంది. సెఫ్ట్రియాక్సోన్ గానీ ఆక్సీటెట్రాసైక్లిన్ గానీ కాల్షియంతో కలవకూడదు. తరకలు కనిపించకపోయినా మందు బలం పోయి ఉండొచ్చు. వేర్వేరు సిరంజిల్లో, వేర్వేరు చోట్ల వేయండి. తెల్లగా పాలలా ఉండే ప్రొకెయిన్ పెన్సిలిన్ కండకే, నరానికి ఎక్కిస్తే జీవం అక్కడికక్కడే పడిపోవచ్చు. అసలు యాంటీబయాటిక్ అవసరమా కాదా అన్నది పశువైద్యుడే తేల్చాలి.

మొహాన చిమ్మిన దానికి టెన్షన్ పడకండి, పి.పి.ఆర్. వైరస్ మనుషులకు సోకదు. కానీ దూడలకు వేసే బ్రూసెల్లా టీకా అలాంటిది కాదు. అది కంట్లో పడినా, పొరపాటున చేతికి గుచ్చుకున్నా మనిషికి జ్వరం తెచ్చి నెలల తరబడి పీడించగలదు. దాన్ని మీరు ముట్టుకోనే వద్దు, పశువైద్య సిబ్బందినే వేయనివ్వండి. పెన్సిలిన్ పడనివాళ్లకు దాని తుంపర కూడా ప్రమాదమే. ఏ మందు కంట్లో పడినా 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, మందు సీసా చేతబట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

చనిపోయిన జీవాలది పి.పి.ఆరేనని ఇప్పుడే అనుకోవద్దు. చిటుకు రోగం, కార్జపు జలగలు, పిల్లల్లో కాక్సిడియా (పేగుల్లో పెరిగే పరాన్నజీవి) కూడా పారిస్తాయి. ఇంకో జీవం పారుకుంటే వెంటనే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. చనిపోతే పూడ్చకముందే శవపరీక్ష చేయించి, అనంతపురంలోని పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు నమూనాలు పంపమని అడగండి. మంద కుదుటపడి జ్వరాలు, పారుడు లేవని తేలాక, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడితో మాట్లాడి మీ 80కి, మీ బావ మందకు కొత్త సీసాతో మళ్లీ టీకా వేయించండి. రెండోసారి పడితే నష్టమేమీ లేదు. మూడు నెలలు దాటిన పిల్లలను వదలొద్దు. ఈనడానికి దగ్గరపడిన గొర్రెలను మాత్రం తరిమి పట్టకుండా, చివర్లో నెమ్మదిగా పట్టుకుని వేయించండి.